ఊది చూచి కొనవలసిన బూర

ఆదోనిలో పత్తి కొనే వర్తకుడు బోరెంలో చేయి పెట్టి పిడికెడు దూది పైకి తీస్తాడు. దానిని రెండు చేతుల బొటనవ్రేళ్ళ మధ్య పట్టి, మెల్లగా లాగి, పింజ పొడవును చూస్తాడు. ఎమ్మిగనూరు నేతగాడు నూలు చిలపలో ఒక పోగును తీసి, తెగేవరకు లాగి దాని బలం తెలిసికొంటాడు. సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూస్తాడు; నాలుగు అడుగులు నడిపిస్తాడు; వీలైతే కాడి కట్టి కూడ చూస్తాడు. కంటికి కనిపించే సొగసు ఒకటి, పనిలో తేలే గుణం ఒకటి అని ఈ ప్రాంతపు జనానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడి వీధులలో తరచుగా వినిపించే ఒక వస్తువు విషయంలో ఈ తెలివి అంతగా పనిచేయదు. అది ఇత్తడి బూర. పెళ్ళి ఊరేగింపులోను, రథోత్సవంలోను ముందు నడిచే బ్యాండు మేళంలో ట్రంపెటు, యూఫోనియము వంటి వాద్యాలు ఉంటాయి. ఉన్నత పాఠశాలలో బ్యాండు పెట్టదలచినప్పుడు కూడ బ్యూగిలో ట్రంపెటో కొనవలసి వస్తుంది. అప్పుడు చాలమంది చూచేది మెరుపును, మీద చెక్కిన పేరును, చెప్పిన ధరను. అప్పు చేసి కొన్న బూర తక్కిన వాద్యాలతో శ్రుతి కలవకపోతే మేళగానికి ఒక పెళ్ళిళ్ళ కాలం నష్టమవుతుంది. పాఠశాలలో అయితే వాద్యం బీరువా చేరుతుంది. పిల్లవానికి సంగీతం రాదని నింద మిగులుతుంది. తప్పు పిల్లవానిది కాకపోవచ్చును. గొట్టం పొడవుది కావచ్చును.

ఇత్తడి వాద్యాన్ని ఎట్లా పరీక్షించాలి అనే ప్రశ్నకు చిన్నది కాని చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో కొంత భాగం ఆదోని పరిసరాలలోనే జరిగినది.

కొమ్ము, కాహళి

బూర ఊదటం ఈ దేశానికి దొరలు నేర్పిన విద్య కాదు. పశువు కొమ్మును ఊదిన మనిషే తరువాత దానిని రాగితోను, కంచుతోను, ఇత్తడితోను చేసికొన్నాడు. తెలుగులో ఆ వాద్యానికి కొమ్ము అనే పేరే నిలిచిపోయినది. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో కాహళి అనే వాద్యం వర్ణింపబడినది. దాని మూతి ఉమ్మెత్త పువ్వు వలె ఉంటుందని, దానిని బంగారంతోగాని, వెండితోగాని, రాగితోగాని చేస్తారని ఆ గ్రంథం చెబుతున్నది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ అక్కడి మహానవమి ఉత్సవాలలో మ్రోగిన బాకాలను, భేరులను గురించి వ్రాశాడు. ఆ రోజులలో ఆదోని దుర్గం విజయనగర రాజుల చేతిలోనే ఉండేది.

ఈ కొమ్ములకు స్వరాలు తక్కువ. కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది. ఊదేవాని పెదవుల అదురు గొట్టంలోని గాలిస్తంభాన్ని కంపింపజేస్తుంది. ఆ గాలిస్తంభం తన పొడవుకు తగిన కొన్ని పౌనఃపున్యాల వద్దనే అనునాదం పొందుతుంది. వాటిని అనుస్వరాలంటారు. వాటి నిష్పత్తులు సుమారుగా 1, 2, 3, 4, 5, 6 అనే సంఖ్యలు. మన సంగీత పరిభాషలో చెప్పాలంటే 2వది షడ్జం, 3వది పంచమం, 4వది పై షడ్జం, 5వది అంతర గాంధారం, 6వది దానిపై పంచమం. బ్యూగిలు మీద సైనికులు ఊదే పిలుపులన్నీ ఈ స, ప, స, గ, ప అనే ఐదింటితోనే అల్లినవి. రిషభం, మధ్యమం, ధైవతం కావాలంటే అట్టి గొట్టంలో అవి దొరకవు.

కాబట్టి కొమ్మును కొనేవానికి పరీక్ష సులభంగా ఉండేది. గట్టిగా మ్రోగుతున్నదా, దూరం వినిపిస్తున్నదా, అతుకుల వద్ద గాలి పోతున్నదా అని చూస్తే చాలును. ఇతర వాద్యాలతో స్వరానికి స్వరం కలిసి నడవవలసిన బాధ్యత దానికి లేదు.

దండు వచ్చినది, బ్యాండు వచ్చినది

1800లో నిజాం ప్రభువు ఆదోని, బళ్ళారి, కడప మొదలైన ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలన్న పేరు అట్లా వచ్చినదే. 1808లో ఆ ప్రాంతం బళ్ళారి, కడప జిల్లాలుగా విడిపోయినప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు అది అక్కడే ఉన్నది; ఆ తరువాతనే కర్నూలు జిల్లాకు వచ్చినది. బళ్ళారి మద్రాసు రాజధానిలోని ముఖ్యమైన సైనిక స్థావరాలలో ఒకటి. దండు ఉన్నచోట బ్యాండు ఉంటుంది. ఆ విధంగా ఈ ప్రాంతానికి యూరపు ఇత్తడి వాద్యాల పరిచయం కలిగినది.

దక్షిణదేశ సంగీతజ్ఞులు ఈ ధ్వనులను చెవియొగ్గి విన్నారు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో విన్న బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చి, నొట్టుస్వరాలనే చిన్న కృతులను రచించాడు. అవి శంకరాభరణ స్వరాలలో నడుస్తాయి. తంజావూరును ఏలిన రెండవ శరభోజి మహారాజు తన ఆస్థానంలో పాశ్చాత్య పద్ధతి బ్యాండును పోషించాడు.

1871లో మద్రాసు నుండి వచ్చిన రైలుదారి గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి, బొంబాయి నుండి వచ్చిన దారితో కలిసినది. ఆదోని పత్తి రెండు రేవులకూ పోవడానికి దారి ఏర్పడినది. ఆ రేవులలో దిగిన సరుకు ఆదోనికి రావడానికీ అదే దారి. అయితే ఆ సరుకులో ఇత్తడి వాద్యం వెనుకటి కొమ్మువంటిది కాదు. ఈలోగా దాని కడుపులోనే పెద్ద మార్పు జరిగిపోయినది.

మూడు మీటలు, ఒక చిక్కు

1818లో హైన్రిఖ్ ష్టోల్‌జెల్, ఫ్రీడ్రిఖ్ బ్లూమెల్ అనే ఇద్దరు జర్మను వాద్యకారులు ప్రష్యా రాజ్యంలో కవాటానికి పేటెంటు పొందారు. మీట నొక్కితే గాలి ఒక అదనపు గొట్టంగుండా తిరిగి వస్తుంది. గొట్టం పొడవు పెరుగుతుంది గనుక స్వరం తగ్గుతుంది. 1839లో పారిస్‌లో ఫ్రాన్స్వా పెరినె దీనిని చక్కదిద్దాడు. నేటి ట్రంపెటులోని పిస్టను కవాటం ఆ వంశానిదే. బెల్జియంలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన అడాల్ఫ్ సాక్స్ 1840లలో చిన్న పెద్ద ప్రమాణాలలో ఒకే కుటుంబంగా ఇత్తడి వాద్యాలను రూపొందించాడు. స, ప, స, గ, ప మాత్రమే పలికిన గొట్టం ఇప్పుడు పండ్రెండు స్వరస్థానాలూ పలుకసాగినది.

కాని ఈ లాభంతోపాటు ఒక చిక్కు వచ్చినది. విద్యార్థులు దానిని కాగితంపై లెక్క వేసి చూడవచ్చును.

స్వరం ఒక అర్ధస్వరం తగ్గాలంటే గొట్టం పొడవు నూటికి 5.95 వంతున పెరగాలి. ట్రంపెటు గొట్టం పొడవు సుమారు 140 సెంటీమీటర్లు అనుకొందాం. రెండవ మీట ఒక అర్ధస్వరం తగ్గించాలి. దాని అదనపు గొట్టం 8.3 సెం.మీ. ఉండాలి. మొదటి మీట రెండు అర్ధస్వరాలు తగ్గించాలి, దానికి 17.2 సెం.మీ. కావాలి. మూడవ మీట మూడు అర్ధస్వరాలు తగ్గించాలి, దానికి 26.5 సెం.మీ. కావాలి. మూడు మీటలూ ఒకేసారి నొక్కితే ఆరు అర్ధస్వరాలు తగ్గాలి. అందుకు కావలసిన అదనపు పొడవు 58 సెం.మీ. కాని మూడు గొట్టాలనూ కూడితే వచ్చేది 52 సెం.మీ. మాత్రమే. ఆరు సెంటీమీటర్లు తక్కువ! ఫలితంగా ఆ స్వరం ఉండవలసిన దానికంటె దాదాపు సగం అర్ధస్వరం హెచ్చుగా పలుకుతుంది.

ఇది పనివాని పొరపాటు కాదు. ఒక్కొక్క మీటకు వేరుగా సరిపోయే కొలత, అన్నిటినీ కలిపినప్పుడు సరిపోదు. అందుకే మంచి ట్రంపెటులో మూడవ మీట గొట్టాన్ని వ్రేలితో ముందుకు జరిపి సరిచేసికొనే ఏర్పాటు ఉంటుంది. పెద్ద వాద్యాలలో ఈ లోటును దానంతట అదే తీర్చే కవాటాలను 1870లలో ఇంగ్లండులో డేవిడ్ బ్లేక్లీ రూపొందించాడు. కొనేవాడు తెలిసికొనవలసినది ఒకటే. విడి స్వరాలు ఊది బాగున్నదని సంతోషిస్తే చాలదు. మొదటి, మూడవ మీటలు కలిపి ఒకసారి, మూడూ కలిపి ఒకసారి ఊదించి వినాలి. దోషం దాగేచోటు అదే.

స్కుటారిలో నేర్చిన పాఠం

ఒక వాద్యం తనలో తాను సరిగా ఉన్నా, పొరుగు వాద్యంతో కలవకపోవచ్చును. ఈ పాఠాన్ని బ్రిటిషు సైన్యం అందరి ఎదుట అవమానపడి నేర్చుకొన్నది. 1854లో క్రిమియా యుద్ధానికి పోతూ ఆ సైన్యం టర్కీలోని స్కుటారి వద్ద విడిసి ఉన్నది. విక్టోరియా రాణి జన్మదినాన అక్కడ కవాతు జరిగినది. పటాలాల బ్యాండులన్నీ కలిసి రాజగీతం వాయించినవి. ఆ రోజులలో ప్రతి పటాలం తన వాద్యాలను తానే కొనుక్కొనేది. తన బ్యాండు మేస్త్రిని తానే నియమించుకొనేది. ఒకరి శ్రుతి ఒకరిది కాదు, ఒకరి కూర్పు ఒకరిది కాదు. కలిసి వాయించేసరికి కర్ణకఠోరమైన గందరగోళం పుట్టినది. విదేశీ సేనాధిపతులు కూడ ఆ మైదానంలో ఉన్నారు. దీనితో మేలుకొని కేంబ్రిడ్జి డ్యూకు పూనికతో 1857లో నెల్లర్ హాల్ అనే సైనిక సంగీత పాఠశాలను స్థాపించారు.

అయినా శ్రుతి చిక్కు అంతటితో తీరలేదు. నేడు ప్రపంచమంతా సెకనుకు 440 కంపనాల స్వరాన్ని ప్రమాణంగా పెట్టుకొన్నది. 1939లో లండనులో జరిగిన సమావేశం దీనిని ఆమోదించినది. కాని 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో బ్రిటిషు సైనిక బ్యాండులు అదే స్వరాన్ని సుమారు 452 కంపనాల వద్ద ఉంచేవి. సైన్యం ఆ హెచ్చు శ్రుతిని 1920ల చివరలో వదలుకొన్నది. ఇంగ్లండులోని పౌర ఇత్తడి బ్యాండులు 1960ల నడుమ వరకూ దానినే పట్టుకొని ఉన్నవి. అందుచేత చేతులు మారి వచ్చిన పాత బూరలలో రెండు శ్రుతులవీ ఉండవచ్చును. చూడటానికి రెండూ ఒకటే. హెచ్చు శ్రుతి బూర గొట్టం నూటికి మూడు వంతులకంటె కొంచెం తక్కువ పొట్టిగా ఉంటుంది, అంతే తేడా. కాని 452 కంపనాల బూరను 440 కంపనాల బూర పక్కన ఊదితే సెకనుకు 12 విస్పందనాలు పుడతాయి. చెవికి అది గరగరగా వినిపిస్తుంది. ఊదేవాడు ఎంత నిపుణుడైనా ఆ గరగర పోదు.

మీరట్ వీధి

దేశంలో ఈ వాద్యాల తయారీకి పేరుపొందిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అది కూడ దండు విడిసిన ఊరే. సైనిక బ్యాండులో పనిచేసిన నాదిర్ అలీ పేరుతో 1885లో అక్కడ వెలసిన సంస్థ మొదట వాద్యాలను విదేశాల నుండి తెప్పించి అమ్మినది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో స్వయంగా తయారు చేయసాగినది. అక్కడి జలీ కోఠీ ప్రాంతం బ్యాండు వాద్యాల పనివారికి నిలయమైనది.

ఊరేగింపు బ్యాండుల చరిత్రను పరిశోధించి గ్రెగరీ బూత్ అనే సంగీతశాస్త్రజ్ఞుడు 2005లో ‘బ్రాస్ బాజా’ అనే గ్రంథం ప్రకటించాడు. పరంపరగా డోలు, సన్నాయి వంటి వాద్యాలను వృత్తిగా చేసికొన్న కుటుంబాలవారు అనేకచోట్ల ఈ కొత్త వాద్యాలను చేపట్టారు. వారి సంపాదన ముహూర్తాలున్న కొద్ది నెలలదే. పుస్తకం చూచి కాదు, చెవితో విని నేర్చిన విద్య వారిది. బడిలో సంగీతం చదివినవానికంటె వారికి మంచి వాద్యం అవసరం తక్కువ కాదు, ఎక్కువ. శ్రుతి తప్పిన బూరపై చెవితో నేర్చినవాడు ఆ తప్పునే నేర్చుకొంటాడు.

పరీక్ష వరుస

ఇంత చరిత్ర తెలిసిన తరువాత, కొనేముందు ఏమి చేయాలో దానంతట అదే బోధపడుతుంది.

మొదట కన్ను. విశాలమైన మూతి వద్ద చిన్న సొట్ట పెద్ద దోషం కాదు. మౌత్‌పీస్ దగ్గరి సన్నని గొట్టంలో సొట్ట మాత్రం దోషమే. టంకం వేసిన అతుకులు చూడాలి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమలోహం. వాద్యాలకు సాధారణంగా వాడేదానిలో రాగి 70 పాళ్ళు, జింకు 30 పాళ్ళు ఉంటాయి. ఊపిరిలోని తేమ, ఉమ్మి లోపల నిలిచి ఉంటే జింకు కరగిపోయి, ఎర్రని మెత్తని రాగి మిగులుతుంది. పాత బూర గొట్టంపై కనిపించే ఎర్రని మచ్చలు లోపలి నుండి తినివేయబడినదనడానికి గుర్తు. చింతపండుతో తోమితే పైన మెరుపు వస్తుంది. పోయిన జింకు తిరిగి రాదు.

రెండవది గాలి. మీట నొక్కకుండా ఆ మీటకు చెందిన జారుగొట్టాన్ని బయటకు లాగి, చివరగా మీట నొక్కితే ‘టప్’ మని శబ్దం రావాలి. రాకపోతే పిస్టను అరిగి గాలి పోతున్నదన్నమాట. మీటలు నొక్కి వదలితే తడుముకోకుండ పైకి లేవాలి. ఒక్కొక్కప్పుడు కొత్త బూర ఎంత ఊదినా పలుకదు. పిస్టన్లపై 1, 2, 3 అనే అంకెలుంటాయి. శుభ్రం చేసినప్పుడు వాటిని తారుమారుగా పెట్టితే గాలిదారి మూసుకొంటుంది. వాద్యం చెడిపోయినదని తోసివేసేముందు దీనిని చూడాలి.

మూడవది స్వరం. ఊదేవాడు తనకు అలవాటైన మౌత్‌పీస్ వెంట తీసికొని పోవాలి. లేకపోతే అతడు పరీక్షించేది బూరనా, మౌత్‌పీస్‌నా అన్నది తేలదు. మీటలు నొక్కకుండ స, ప, స, గ, ప వరుసను మెల్లగా ఊదాలి. తరువాత మీటలు కలిపి ఊదాలి. గట్టిగా ఊది అదరగొట్టడం పరీక్ష కాదు. సన్నగా ఊదినప్పుడు కూడ స్వరం నిలిస్తే అది మంచి గొట్టం.

నాల్గవది శ్రుతి. మేళంలోని మరొక వాద్యాన్ని వెంట పట్టుకొని పోయి, దానితో కలిపి ఊదాలి. ఊదేముందు కొన్ని నిమిషాలు ఊపిరితో గొట్టాన్ని వెచ్చచేయాలి. దీనిలో విద్యార్థులకు ఒక మంచి ప్రశ్న ఉన్నది. ఎండకు ఇత్తడి వ్యాకోచించి గొట్టం పొడవవుతుంది గనుక మధ్యాహ్నం బూర స్వరం తగ్గాలి కదా? కాని నిజంగా స్వరం హెచ్చుతుంది. 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు పోతే ఇత్తడి పొడవు నూటికి 0.04 వంతు మాత్రమే పెరుగుతుంది. గాలిలో ధ్వని వేగం మాత్రం సెకనుకు 343 మీటర్ల నుండి 355 మీటర్లకు, అనగా నూటికి మూడు వంతులకు పైగా పెరుగుతుంది. లోహం గెలవదు, గాలి గెలుస్తుంది. ఊపిరి వేడి వల్ల గొట్టంలోని తేడా ఇంత ఉండదు. అయినా వినిపించేటంత ఉంటుంది. పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున కుదిరిన శ్రుతిని వైశాఖపు మధ్యాహ్నం మళ్ళీ సరిచూచుకొనడం ఇందుకే.

చివరిది చెవి; అదీ కన్ను మూసిన చెవి. లోహం మందం, పూత, పేరు ధ్వనిని మార్చివేస్తాయని పలువురు నమ్ముతారు. 1986లో రిచర్డ్ స్మిత్ ప్రకటించిన ప్రయోగంలో వేర్వేరు మందాల మూతులు కల ట్రాంబోనులను, ఏది ఏదో తెలియనీయకుండా నిపుణుల చేత ఊదించారు. వారు తేడాను గుర్తుపట్టలేకపోయారు. ధ్వనిని ప్రధానంగా నిర్ణయించేది లోపలి గాలిస్తంభపు ఆకారం. కాబట్టి రెండు మూడు బూరలను ఎంచుకొని, ఒకరు ఊదుతుండగా మరొకరు ఇరవై అడుగుల దూరంలో వెనుదిరిగి నిలిచి వినాలి. ఊదేవాని చెవికి తన ఊపిరే ఎక్కువగా వినిపిస్తుంది. ఊరేగింపులో వినవలసినవారు దూరంగా ఉంటారు.

ఈ పరీక్షలలో దేనికీ యంత్రం అక్కరలేదు. కన్ను, బొటనవ్రేలు, ఊపిరి, ఒక తోటివాని చెవి చాలును. 1854లో ఇరవై పటాలాల బ్యాండుల వద్ద లేనిది కూడ ధనం కాదు. కలిపి ఊది చూచే అలవాటు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి రథం ముందు నిలిచే బూరగాడు, ఆదోని పాఠశాల మైదానంలో మొదటిసారి బ్యూగిలు పెదవులకు ఆనించే పిల్లవాడు, ఇద్దరూ తమ తప్పును మాత్రమే దిద్దుకొనగలరు. గొట్టం తప్పును దిద్దవలసినది కొనేవాడు, అదీ డబ్బు చేతిలో ఉన్నప్పుడే.